ఎడమ చేతి కానుక

ఆ ఆదివారం మధ్యాహ్నం మా చెల్లెలు కెజియా కుడి చెయ్యి అన్నం కలపడం మరిచిపోయింది.

మందిరం నుంచి వచ్చి భోజనాలకి కూర్చున్నాం. పప్పూ అన్నం కలిపి ముద్ద చెయ్యాల్సిన చెయ్యి, అన్నాన్ని అరచేత్తో అదిమి ముందుకు తోసింది. వెనక్కి లాగింది. మళ్ళీ అదిమింది, రొట్టెల పిండి పిసికినట్టు. తర్వాత పిడికెడు తీసుకుని గాల్లోకి ఎత్తి అక్కడే ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి పప్పు కారుతోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వేశాను కూడా. కెజియా మొహం చూశాక నోరు మూసుకున్నాను.

మా అమ్మ దీనమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏందే అది? ఇంత మనిషివయ్యావు, అన్నంతో ఆటలేంది?"

"ఆట కాదమ్మా. నేనేం చెయ్యట్లా. అదే చేస్తంది," అంది కెజియా. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒళ్ళోకి దించుకుంది.

ఆ అలవాటు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు. రెండు వేల ఏడు వందల ఏళ్ళ కిందట యూదా కొండల్లో, ఓ మట్టి మిద్దెలో రొట్టెలు చేసుకుని బతికిన ఇల్లాలిది. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. ఆవిడ అలవాటును మోసుకొచ్చి మా చెల్లెలి చేతిలో పెట్టింది మాత్రం నేను తయారుచేసిన యంత్రం.

దానికి 'జాడ' అని పేరు పెట్టింది కెజియానే. బాపట్లలో రైలు పట్టాల అవతల, పాత మగ్గాల షెడ్డులో మా ప్రయోగశాల. నేను యంత్రాల మనిషిని, అది నరాల శాస్త్రం చదివింది. మొట్టమొదట మేం పరీక్షకు పెట్టింది మా నాయనమ్మ మార్తమ్మ బియ్యం బాన. నాయనమ్మ పోయి చాలా ఏళ్ళయింది, బాన మాత్రం పెరట్లో పడి ఉంది. జీవితమంతా చెయ్యి పెట్టి తీసిన ఆ బాన అంచు ఎక్కడ ఎంత అరిగిందో, ఏ వేలు ఎక్కడ ఒరుసుకుందో జాడ చదివింది. చదివినదాన్ని చేతి తొడుగులోకి పంపింది. కెజియా తొడుగు వేసుకుని, కళ్ళు మూసుకుని, చెయ్యి వదిలేసింది. ఆ చెయ్యి లేచి, ఎదురుగా లేని బానలోకి దిగి, బియ్యం తీసింది. తర్వాత పిడికెడు విడిగా తీసి పక్కన పోసి, వేళ్ళు విదిలించింది.

"మా అత్త!" అని కేక పెట్టింది అమ్మ. "మా అత్త పిడికెడు బియ్యంరా అది!"

మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఉన్న ఆచారమే. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఓ పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళుతుంది. చనిపోయిన మనిషి చెయ్యి గాల్లో లేచి కానుక వెయ్యడం చూసి ఆ రోజు మా అమ్మ ఏడ్చి, నవ్వి, నాకు దిష్టి కూడా తీసింది. సువార్త చెప్పే మనిషి దిష్టి తియ్యడమేంటి అని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఒక్కటే చిక్కు. అరుగుదల చెయ్యి ఎక్కడెక్కడ తగిలిందో చెప్తుంది గానీ, అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పదు. ఆ మధ్య దారిని బతికున్న నరాలే పూరించాలి. అంటే ఎవరో ఒకరు చెయ్యి అప్పగించాలి. నాది మొండి చెయ్యి, తొడుగుతో వాదన పెట్టుకుంటుంది. కెజియాది మందిరంలో హార్మోనియం వాయించే చెయ్యి, చెప్పిన మాట వింటుంది. ఊరికే కూర్చున్నా దాని వేళ్ళు ఊరుకునేవి కావు. బల్ల అంచు మీదో, బస్సు సీటు మీదో ఏదో పాట టకటకా కొడుతూనే ఉండేవి. "ఆ కొట్టుడు ఆపవే, తల పగిలిపోతంది" అని అమ్మ తిట్టని రోజు లేదు.

ఆ కొట్టుడు ఆగిపోయి నెల దాటింది. యెరూషలేం నుంచి నోగా వచ్చినప్పటి నుంచి.

నోగా పురాతత్వ శాస్త్రవేత్త. అరవై దాటిన మనిషి, పొట్టిగా, ఎండకి కమిలిపోయి, గోళ్ళ నిండా మట్టితో ఉండేది. ప్రభువు నడిచిన నేల నుంచి వచ్చిందని మా అమ్మ ఆవిడకి గోంగూర పచ్చడి, నెయ్యి దగ్గరుండి వడ్డించింది. ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా వదల్లేదు. నోగా తనతో పిండి పిసికే రాతి తొట్టె ఒకటి తెచ్చింది. కాలిపోయిన ఓ ఇంటి వంటగదిలో దొరికిందట. తొట్టెకి అటూ ఇటూ రాతిలోనే తొలిచిన రెండు చిన్న గిన్నెలున్నాయి. కుడివైపు గిన్నె మీద యెహోవా పేరు గీసి ఉంది. ఎడమవైపు గిన్నె మీద ఓ చెట్టు బొమ్మ. తొట్టె ముందంచు మధ్యలో జానెడు మేర అద్దంలా నున్నగా ఉంది. ఆ నునుపు ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు.

"చెట్టంటే అషేరా," అంది నోగా ఇంగ్లీషులో. ఆవిడ దేవుళ్ళ సంగతులు చెబుతుంటే పెళ్ళిలో పెద్దాళ్ళు చుట్టరికాలు విడమరిచినట్టుండేది. "ఎల్ అని ఓ పెద్దాయన ఉండేవాడు. ఆయన భార్య అషేరా. వాళ్ళకి బోలెడు మంది పిల్లలు. యెహోవా దక్షిణాన ఎడారి వైపు నుంచి వచ్చిన దేవుడని మా వాళ్ళు చాలామంది అంటారు. రానురాను పెద్దాయన పీఠం ఈయనదయింది. అషేరా ఈయన పక్కకి వచ్చింది. ఎడారిలో దొరికిన ఓ జాడీ మీద యెహోవా పేరిట, ఆయన అషేరా పేరిట దీవెన రాసి ఉంది. ఒక్కడే దేవుడన్న మాట స్థిరపడింది ఆ తర్వాతే. ప్రవక్తలు అంతలేసి కోపాలు తెచ్చుకున్నారంటే జనం ఆవిడని వదల్లేదనేగా?"

"మా ఊరి దేవత అంకమ్మకి కూడా అక్కచెల్లెళ్ళున్నారు, పోతురాజని తమ్ముడున్నాడు," అన్నాను.

"అయితే మీకు చెప్పడం తేలిక," అని నవ్వింది నోగా. వెంటనే ఆ నవ్వు తగ్గిపోయింది. "కానీ మా దగ్గర ఒప్పుకోనివాళ్ళున్నారు. చెట్టు గిన్నె ఆ ఇంట్లో పనిచేసిన పరాయి దేశపు దాసిది అంటారు. ఇశ్రాయేలు ఇల్లాలు ఎప్పుడూ ఒక్కడికే పెట్టిందంటారు. ఒకే మనిషి ఇద్దరికీ పెట్టిందని మీ యంత్రం చూపించగలదా? నా జీవితంలో సగం ఈ ప్రశ్నకే పోయింది."

ఈ మాటలు నేను తెలుగులో చెప్పాక అమ్మ గోంగూర గిన్నె మూత పెట్టేసింది. "ఆ మహాతల్లి సంగతి నా ఇంట్లో ఎత్తొద్దని చెప్పరా," అంది.

మేం చాలాసార్లు చదివించాం. ప్రతిసారీ కెజియా చెయ్యి పిండి పిసికేది, పిడికెడు తీసేది, కుడి గిన్నె మీదికి వచ్చి గాల్లో ఆగిపోయేది. ఎడమ గిన్నె వైపు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అంటే ఒప్పుకోనివాళ్ళదే గెలుపు. నోగా రోజురోజుకీ వాడిపోయింది. ఇటు కెజియా చేతిలో ఆ అలవాటు రోజురోజుకీ ముదిరింది. ముందు సంతకం పోయింది. తర్వాత జడ. తర్వాత హార్మోనియం. దాని మెట్ల మీద చెయ్యి పెడితే వేళ్ళు పిండి అదిమినట్టు అదిమేవి, పిడికిలి లేచి ఆగిపోయేది. గుంటూరులో నరాల డాక్టరు పరీక్ష చేసి, ఆ తొడుగు ఇంక వేసుకోవద్దనీ, పాత అలవాట్లు తిరిగొస్తాయో రావో చెప్పలేననీ అన్నాడు. ఆ ఆదివారం పళ్ళెం ముందు జరిగింది చూశాక నేను షెడ్డుకి తాళం వేసేశాను. నా చెల్లెలి చెయ్యి కంటే ఏ దేవతా నాకు ఎక్కువ కాదు.

మర్నాడు పొద్దున వంటింట్లో అమ్మ గొంతు లేచింది.

"దేవుడి కానుక ఎడం చేత్తో తీస్తారటే ఎవరన్నా? బుద్ధుందా నీకు?"

కెజియా బియ్యం డబ్బా ముందు నిలబడి ఉంది. కుడి చెయ్యి పొట్టకి కట్టేసినట్టు అదిమి పెట్టుకుని, ఎడమ చేత్తో పిడికెడు బియ్యం పట్టుకుంది. "మరి నాకున్నది ఇదొక్కటేగా అమ్మా," అంది. ఆ మాటకి అమ్మ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను మాత్రం గుమ్మంలో కొయ్యబారిపోయాను. ఎడమ చెయ్యి! మేం తయారుచేసిన తొడుగు ఒక్కటే, అది కుడి చేతిది. రెండోది చెయ్యాలన్న ఆలోచనే మాకు రాలేదు. పెట్టడం, పుచ్చుకోవడం, తినడం, దణ్ణం పెట్టడం అన్నిటికీ కుడి చెయ్యే లెక్క అని ఉగ్గుపాలతో తాగినవాళ్ళం మేం. అంతేనా, కుడి చేతికి సరిపడని అరుగుదలనంతా పొట్టు కింద చెరిగి పారెయ్యమని యంత్రానికి నేర్పింది నేనే. యూదా ఇల్లాలికి మా బాపట్ల మర్యాదలు ఏం తెలుసు?

పొట్టులా పారేసిన ఆ కొలతలన్నీ వెనక్కి తెచ్చాను. ఎడమ తొడుగు కుట్టి, తీగలు బిగించేసరికి వారం పట్టింది. ముందు నాయనమ్మ బాన మీద చూశాను. ఎవరినీ అడగకుండా నేనే వేసుకున్నాను. నా ఎడమ చెయ్యి కుడిదానంత మొండిది కాదు, దానికి వాదించడం ఎవరూ నేర్పలేదు. అది మెల్లగా బానలోకి దిగి, ఓ చిటికెడు తీసి, ఒంటికి దగ్గరగా దాచుకుని, పొయ్యి ఉండే వైపు కిందికి జారవిడిచింది. ఎవరూ చూడకూడదన్నట్టు.

వెనక అమ్మ ఉంది. నేను చూడలేదు.

"అంకమ్మకి," అంది, నీరసంగా. "మాయత్త అట్టాగే పెట్టేది. ఆ మాట ఇంక ఎత్తబాక." అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న వచ్చి నెత్తిన కూర్చుంది. తొట్టె మీద ఎడమ తొడుగు ఎవరు వేసుకోవాలి? కుడి చేతి పని సగం నేర్చుకున్నది కెజియా. మరొకరు వేసుకుంటే ఆ రెండు చేతులూ ఒక్క ఒంట్లో కలవవు. నోగా నా మాట పూర్తి కానివ్వలేదు.

"వద్దు. తొట్టె తీసుకుని నేను వెళ్ళిపోతాను. ఒక చెయ్యి పాడు చేసిన పాపం చాలు నాకు."

"నా చేతులు. నేను చెప్తా," అంది కెజియా. "మీరెవరూ చూడట్లా. ఇది ఎప్పుడూ ఒకే చోట ఆగుతంది. పిడికిలి పైకి లేస్తది, దేనికోసమో ఎదురు చూస్తది. నాకు లోపల తెలుస్తంది అన్నయ్యా. ఆవిడ మాట మధ్యలో ఆపేసినట్టుంది. మనమే ఆపాం. రెండో చెయ్యి రాందే ఇది కిందికి దిగదు."

"దిగకపోతే? అదీ పోతే?" అన్నాను. "అన్నం ఎవరు తినిపిస్తారు నీకు?"

"నువ్వే. యంత్రం చేసింది నువ్వేగా." ఇంత కష్టంలోనూ నన్ను దెప్పకుండా ఉండలేదు అది.

అమ్మ ఏమంటుందోనని ఆవిడ వైపు చూశాం. వద్దంటుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. లేచి కొంగు నడుముకి దోపుకుంది.

"పెట్టే చేతిని మధ్యలో ఆపకూడదు," అంది. "పదండి. నేనూ వస్తా."

పొద్దున తొమ్మిదింటికి షెడ్డు తాళం తీశాను. రేకుల సందుల్లోంచి ఎండ తొట్టె మీద పడుతోంది. అమ్మ కెజియా పక్కనే స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నోగా ఓ మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. నేను రెండు తొడుగులూ తొడిగి, మీట నొక్కాను.

రెండు చేతులూ లేచాయి.

అంతకుముందు కుడి చెయ్యి ఒంటరిగా పిసికినప్పుడు ఎప్పుడూ ఏదో కుంటుతున్నట్టుండేది. ఇప్పుడు ఒకటి అదుముతుంటే రెండోది మడత పెడుతోంది. కెజియా ఒళ్ళంతా ముందుకీ వెనక్కీ ఊగింది. భుజాలు వదులయ్యాయి. లేని పిండి సాగడం నా కళ్ళకి కనిపించిందంటే నమ్మండి. ఆ వంటింట్లో ఆవిడ హాయిగా ఉంది. పని తెలిసిన మనిషి, తన ఇల్లు తనదైన మనిషి.

కుడి చెయ్యి పిడికెడు తీసింది. ఎడమ చెయ్యి పిడికెడు తీసింది. కుడిది కుడి గిన్నె మీదికి వచ్చి, ఎప్పటిలాగే ఆగింది. ఎడమది తాపీగా ఎడమ గిన్నె మీదికి వచ్చింది. వచ్చి దాని సరసన నిలిచింది. అప్పుడు రెండు పిడికిళ్ళూ ఒక్కసారే దిగాయి. ఒకరికి ముందు, ఒకరికి వెనక కాదు. ఇద్దరికీ కలిపి, ఒక్క ఊపిరిలో.

తర్వాత రెండు చేతులూ వెనక్కి వచ్చి తొట్టె ముందంచు మీద, ఆ నున్నటి చోట పక్కపక్కనే ఆనాయి. అక్కడి నుంచి లేచి ఒకదాన్నొకటి దులుపుకున్నాయి. టప్, టప్, టప్. పిండి దులుపుకునే ఆ చప్పుడు రేకుల షెడ్డంతా వినపడింది. తొట్టె మీది అరుగుదల ఇద్దరు మనుషులదైతే ఆ అరచేతులు అంత సరిగ్గా కలిసేవి కావు, గాల్లో ఎక్కడో తప్పిపోయేవి. ఇవి వేలికి వేలు తగిలాయి. ఒక్క మనిషి. ఒక్క ఇల్లాలు. దాసీ లేదు, పరాయీ లేదు.

నోగా కేక పెట్టింది. హీబ్రూలో ఏమందో నాకు తెలియదు గానీ, ఆవిడ నన్ను కావిలించుకున్నప్పుడు నా పక్కటెముకలు కలుక్కుమన్నాయి. "ఆవిడే! ఇద్దరికీ ఆవిడే పెట్టింది!" అని ఇంగ్లీషులో మళ్ళీ మళ్ళీ అంటూ చిన్నపిల్లలా గెంతింది.

నేను తొడుగులు లాగేశాను. కెజియా చేతులు రెండూ బల్ల మీద పడి ఉన్నాయి, కదలకుండా. పిలిస్తే పలకలేదు. అమ్మ దాని భుజం పట్టుకుంది. నోగా గంతులు ఆగిపోయాయి. ఆ కాసేపూ నేను ఆ యంత్రాన్ని, నన్ను, ఆ రాతి తొట్టెను తిట్టుకోని తిట్టు లేదు.

అప్పుడు చప్పుడయింది.

కుడి చేతి చూపుడువేలు బల్ల అంచు మీద ఒక్క దెబ్బ వేసింది. తర్వాత ఉంగరం వేలు. తర్వాత అన్నీ. టకటకా, టకటకా. పోయిన క్రిస్మస్‌కి మందిరంలో వాయించిన పాట. కెజియా కళ్ళు మూసుకునే ఉంది, దానికి తెలియనే తెలియదు. దాని వేళ్ళు దాని దగ్గరికి తిరిగొచ్చాయి. దులుపుకున్న చేతుల్లోంచి ఆ యూదా ఇల్లాలు పని ముగించుకుని వెళ్ళిపోయింది. ఇన్నాళ్ళూ సగంలో నిలబెట్టింది మేమే, ఆవిడని కూడా, మా పిల్లని కూడా.

"కొట్టవే తల్లీ, కొట్టు!" అంటోంది అమ్మ ఏడుస్తూ. "ఎంత కొడతావో కొట్టు. ఇంక నిన్నేమన్నా అంటే నా నోరు పడిపోవాల!"

కెజియా కళ్ళు తెరిచి తన చేతుల్ని చూసుకుంది. కుడి చెయ్యెత్తి ఎడమ చేతి వేళ్ళని ఒక్కొక్కటే లెక్కపెట్టినట్టు తాకింది. "ఆకలేస్తంది," అంది. ఆ రోజు పప్పన్నం తన చేత్తో కలుపుకుని మూడుసార్లు పెట్టించుకుంది. మేం ముగ్గురం సినిమా చూసినట్టు చూశాం.

తినేటప్పుడు నోగా అమ్మని అడగమంది. "మీ నమ్మకానికి నేను కష్టం కలిగించానా అని అడుగు. అడక్కుండా వెళ్ళలేను."

అడిగాను. అమ్మ నోగా విస్తట్లో ఇంకాస్త గోంగూర వేసింది.

జవాబు ఆదివారం వచ్చింది, మందిరంలో. నోగా వెనక బెంచీలో కూర్చుంది. సాక్ష్యాల వేళ అమ్మ లేచి నిలబడింది. దీనమ్మ సాక్ష్యమంటే జ్వరాలు తగ్గడం, రైళ్ళు అందడం లాంటివి వస్తాయనుకుని జనం సర్దుకుని కూర్చున్నారు.

"మా కెజియా చెయ్యి ప్రభువు తిరిగిచ్చాడు. అది మీరంతా చూస్తన్నారు," అంది. "ఇంకోటి చెప్పాల. మాయత్త మార్తమ్మని మీలో పెద్దోళ్ళు ఎరుగుదురు. కుడి చేత్తో ఈ మందిరానికి పిడికెడు తీసేది. ఎడం చేత్తో అంకమ్మకి చిటికెడు జారవిడిచేది. నేను కొత్త కోడలిగా వచ్చి అది కనిపెట్టా. ఆ బానలో కూడు నాకొద్దన్నా. విడిగా వండుకున్నా. ఆవిడ పిలిచి పెట్టినా పళ్ళెం తోసేశా. ఏడాది పైన. ఆవిడ ఒక్క మాట అన్లా."

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"ఈ వారం నా కళ్ళతో చూశా. ఎన్నో వేల ఏళ్ళ నాడు, మన దేవుణ్ణి మొదట కొలిచినోళ్ళల్లో ఓ ఇల్లాలు. ఆవిడా పిడికెడు తీసింది. ఒక చేత్తో ఆయనకి, ఒక చేత్తో ఆ పక్కనున్న అమ్మకి. నాకు ఒక్కడే దేవుడు, నేను చచ్చేదాకా ఆయనే. కానీ ఆ తల్లి పెట్టింది ఆయన తోసెయ్యలా. తోసేసుంటే ఆయన పేరు మనదాకా ఎట్టా వచ్చేది? అట్టాంటి చేతులేగా ఆయన్ని సాకింది." అమ్మ కొంగు సర్దుకుంది. "ఆయన తిన్నాడు. నేనే తినలా."

కూర్చుంది. ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు వరసలో ముసలి రాహేలమ్మ, నాయనమ్మతో నాట్లు వేసిన మనిషి, మెల్లగా ఎడమ చెయ్యి పైకెత్తింది. ఆవిడ పక్కన ఇంకొకావిడ. ఆ వెనక ఇంకొకరు. ఎంతమంది ఇళ్ళల్లో ఎన్ని చిటికెళ్ళు పొయ్యి పక్కకి జారాయో ఆ రోజు మా పాస్టరుగారికి తెలిసింది. ఆయన తెలివైనవాడు. కళ్ళజోడు పెట్టుకుని, "పాట పాడదాం," అన్నారు.

కెజియా ఎడమ చెయ్యి హార్మోనియం తిత్తి మీద వేసింది. కుడి చెయ్యి మెట్ల మీద పెట్టింది. రెండు చేతులూ ఒక్కసారే కదిలాయి.